ఎర్తు పట్టిన చేయి

పత్రికలో నా చేతులు మీకు కనబడవు గానీ, కనబడితే దండం పెట్టేవారు. మేం పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు నలిపే రోలరు ఒకటి ఉండేది. గున్న ఏనుగంత లావు. నడి సీజన్లో అది నిట్టనిలువునా పగిలింది. బయట ఎడ్లబండ్లు మూడు కోసుల దూరం నిలబడ్డాయి. ఇస్త్రీ బట్టల ఇంజనీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఒకే ఒక్క రాడ్డుతో ఆ రోలరును అతికిన చేయి ఇది. ఆ ఏడు చక్కెర ఎంత తియ్యగా వచ్చిందంటే, చీమలు సంచులను వదిలేసి వరుస కట్టి నా బూట్ల చుట్టూ ప్రదక్షిణం చేశాయి. నమ్మకపోతే మీ ఇష్టం. నా మేనకోడలు నమ్మింది. ఈ వారం కథంతా ఆ నమ్మకం గురించే.

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తులేకపోతే తప్పు మీది కాదు. రాసిన నేనే సగం మరిచిపోయాను. ఉన్న సంగతి ఇది. రుద్రూర్‌లో నా చెల్లెలు హన్మవ్వ బీడీలు చుట్టి బతికిన మనిషి. రెండు కిడ్నీలూ ఎండిపోయాయి. సోమవారం, గురువారం బోధన్ ఆసుపత్రిలో రక్తం కడగాలి. ఆమె బిడ్డ సవిత. మొగుడు సురేందర్ నడుము పడిపోయి మంచం పట్టినప్పటి నుంచి అతని పాత వ్యాన్ స్టీరింగు ఆమే పట్టింది. తల్లినీ, చుట్టుపక్కల ఊళ్లలో అదే రోగం ఉన్న మరో నలుగురినీ బోధన్ తీసుకుపోయి తీసుకొస్తుంది. పోయిన గురువారం వాపసు వస్తుంటే ఆ వ్యాన్ పక్క తలుపు ఊడి రోడ్డు మీద పడింది. తలుపు జరగడానికి కింద ఒక ఇనుప పట్టీ ఉంటుంది కదా, అది తుప్పు పట్టి పిడికిలంత మేర పొడి పొడి అయిపోయింది. తలుపును తాడుతో కట్టి, సవిత ఐదుగురినీ ఇళ్లకు చేర్చింది.

నిజామాబాద్‌లో రేకు పని చేసే షెడ్డువాడు నాలుగు రోజులన్నాడు. ఆమె రెండుసార్లు అక్కడే చేయించింది. వానాకాలం పోగానే మళ్లీ అదే తుప్పు. "ప్రతి ఏడు వానికి పోసే బదులు ఒక చిన్న మిషన్ కొనుక్కుంట మామా. నువ్వున్నవు గద నేర్పనీకె," అంది. నేనున్నాను గదా!

శుక్రవారం ఇద్దరం నిజామాబాద్ పోయాం. దుకాణంలో వేణు అనే పిల్లగాడు, పిల్లగాడంటే ముప్పై ఏళ్లుంటాయి, నాకు అందరూ పిల్లగాండ్లే, మూడు మిషన్లు చూపించాడు.

"అక్కా, ఇది రాడ్డు మిషన్. సస్తాల వస్తది. గేట్లకు, గ్రిల్లులకు మంచిగనే పని చేస్తది. బండి రేకు పల్సగుంటది గద, చెయ్యి కుదరకుంటే కాలి పొక్కలు పడ్తయి."

రెండోదాని మూత తీశాడు. లోపల సన్నటి తీగ చుట్ట.

"ఇది సూడుండ్రి. బటన్ వత్తితే తీగ దానంతల అదే ముంగటికి వస్తది. తీగ కడుపులనే మందుంటది, గ్యాస్ సిలిండర్ అక్కర లేదు. పవర్ బాగ తగ్గించుకోవచ్చు. ఇంటి కరెంటు మీద నడుస్తది. ఏడాదికి ఒకటి రెండు సార్లు సొంత బండికి చేసుకునేటోళ్లకు గిది చాలు."

"మరి అదేంది?"

"అది సిలిండర్ తోని నడిచేది. పని ఇంక సాఫ్ వస్తది. గాని సిలిండర్ తెచ్చుడు, నింపుడు... రోజూ షెడ్డు నడిపేటోళ్లకు గిట్టుబాటు, నీకెందుకక్కా."

సవిత చూపు తీగ చుట్ట మిషను మీదే ఉంది. నాకు ఒళ్లు మండింది. రోలరు అతికినవాడు పక్కనుండగా ఈ బొమ్మ ఏమిటి?

"గీ దారం కండె తోని బండి అతుకుతవా బిడ్డా, రైక కుట్టుకుంటవా?" అన్నాను.

దుకాణంలో నవ్వారు. నవ్వు నాకు కల్లు లాంటిది. ఒక్క గుక్కతో ఆగను. మూలన చక్రాల మీద ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను ఉంది. నిండా రాగి తీగ. ఇద్దరు లేపితే లేవదు. అచ్చం మా ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఉండేదాని తమ్ముడు. ఎవరో వాడి అమ్మింది కనుక, తీగ చుట్ట మిషను కంటే తక్కువకే వస్తోంది.

"గదీ మిషనంటే! మొగోని లెక్క ఉన్నది."

"బాపూ, అది ఇనుప దూలాలకు," అన్నాడు వేణు. "ఎంత తగ్గించినా దాని పవర్ కిందికి దిగది. వ్యాన్ రేకు పెండ్లి పత్రిక లెక్కుంటది. ఇంట్ల ఫ్యూజులు గూడ ఆగయి."

"నువ్వు పుట్టకముందు నేను రోలర్ అతికిన కొడుకా."

సవిత వేణును చూసింది. నన్ను చూసింది. నా మాటే విన్నది. తల్లికి తోడబుట్టిన మనిషి మాట కదా.

అదీ పోయిన వారం సంగతి. ఇక శనివారం పొద్దున.

సవిత నాకంటే ముందే లేచి సీట్లు విప్పింది. బ్యాటరీ వైరు పీకింది. తుప్పునంతా గీకి, రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దింది. కొత్త రేకును కత్తిరించి, సుత్తెతో వంచి, పొక్క మీద అచ్చు గుద్దినట్టు కూర్చోబెట్టింది. పక్కన బకెట్ నీళ్లు, తడిపిన గోనె సంచి. ఫోన్‌లో చూసి నేర్చుకుందట. ఆ పనితనం చూసి నాకే కొంచెం భయం వేసింది. అంత సిద్ధం చేసిన పళ్లెంలో వడ్డించడానికి నా దగ్గర కూర లేదు మరి.

హన్మవ్వ అరుగు మీద చాట ముందేసుకుని కూర్చుంది. కాళ్లు వాచాయి. ఎడమ చేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది. అయినా బీడీ ఆకు మలుస్తూనే ఉంది.

మిషను వేశాం. అది గుర్రున మూలిగింది. ఇంట్లో ఫ్యాన్ ఆగింది. పక్కింటి గోదావరి గోడ మీంచి తల పెట్టింది.

"ఏందే సవితా, మా బల్బు మిణుకు మిణుకు మంటున్నది?"

"ఒక్క గడియ వదినా."

"ఒక్క గడియల మా టీవీ కాలితే మీ మామ అతుకుతడా?"

"రోలరే అతికిన, నీ టీవీ ఎంత!" అన్నాను. ఫ్యూజు పోయింది. సవిత మార్చింది. మళ్లీ పోయింది. మళ్లీ మార్చింది. మూడోసారి నిలిచింది.

"మామా, ముందుగాల నువ్వు నాలుగు టాకాలు వెయ్యి. నేను సూసి పడ్త," అంది సవిత.

రాడ్డు హోల్డర్ అందుకున్నాను. తలకు తొడుక్కున్న అద్దాన్ని ముఖం మీదికి దించుకున్నాను. మొదటి తాకుడుకు రాడ్డు రేకుకు అంటుకుపోయింది. గుంజితే వ్యాన్ మొత్తం ఊగింది. రెండో తాకుడుకు ఫట్టుమని మెరిసింది. అద్దం ఎత్తి చూస్తే టాకా, అంటే అతుకు చుక్క, లేదు. రూపాయి బిళ్లంత పొక్క ఉంది. దాని పక్కన పెట్టబోయాను. రెండు పొక్కలు కలిశాయి. కొత్త రేకు వేడికి అప్పడంలా లేచి లోపలికి జారింది.

"మామా, ఆగు."

ఆగలేదు. ఆగితే ఒప్పుకున్నట్టే కదా. ఇంకోసారి తాకించాను. మైనం మీద నిప్పు కణిక పెట్టినట్టు రేకు కరిగి ధారగా కారింది. అప్పటిదాకా ఎంతో కొంత పట్టుకుని ఉన్న పాత పట్టీ, జానెడు ముక్క, టంగుమని నేల మీద పడింది. అది దేవుడి గంటలా లేదు. పాడె కట్టేటప్పుడు వెదురు విరిచిన చప్పుడులా ఉంది.

సవిత మిషను ఆపింది. పొక్కలో అరచేయి పెట్టి చూసింది. అరచేయి మొత్తం అవతలికి పోయింది. కోపంతో అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, పోట్లాటలో సంగతి కొట్టుకుపోయేది. ఆమె అరవలేదు. నా చేతుల వైపు చూసింది.

"మామా, నీ ఎడమ చెయ్యి ఏం చేస్తున్నది?"

చూసుకున్నాను. మిషను నుంచి వచ్చే రెండో తీగ ఉంటుంది, కొసకు ఇనుప పట్టకారు. దాన్ని పని చేసే వస్తువుకు తగిలిస్తేనే కరెంటు తిరిగి నిప్పు పుడుతుంది. మేం ఎర్తు అంటాం. సవిత దాన్ని వ్యాన్‌కు గట్టిగానే తగిలించింది. అయినా నా ఎడమ చేయి ఇంతసేపూ ఆ పట్టకారును అదిమి పట్టుకుని ఉంది. మిషను ఆగినా వదల్లేదు.

"రాడ్డు పట్టిన కుడి చెయ్యేమో వణుకుతున్నది. ఎడమ చెయ్యి మాత్రం ఇనుము లెక్క ఉన్నది," అంది సవిత. "ఫ్యాక్టరీల నువ్వు ఏం పని చేసినవు మామా?"

ఇక్కడ మీరు నాకోసం సిగ్గుపడకండి. నాకు లేని సిగ్గు మీకెందుకు? రోలరును అతికింది నేను కాదు. ఆత్మారాం. దెగ్లూర్ దిక్కు మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు మాట. ఒక్క రాడ్డు కాదు, పద్దెనిమిది కట్టలు పట్టాయి. నేను పక్కన కూర్చుని ఎర్తు పట్టుకున్నాను. అందులో కూడా నన్ను మించినవాడు లేడు. ఆ సంగతి ఇంకెవరూ చెప్పరు గనుక నేనే చెబుతున్నాను.

"ఎర్తు పట్టుకుంటుంటి," అన్నాను.

"ఎన్నేండ్లు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేండ్లు ఎర్తు పట్టుకున్నవా?"

"జారకుంట పట్టుకున్న బిడ్డా."

జారకుండా అన్నాను. ఆ మాట మడిచి జేబులో పెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

"నాకెర్కనే," అంది అరుగు మీంచి హన్మవ్వ.

ఇద్దరం తిరిగి చూశాం. ఆమె చాట మీంచి తల ఎత్తలేదు.

"రాడ్డు పట్టేటోళ్ల అంగీల నిండ పొక్కలుంటయి. నిప్పులు పడి కాల్తయి. ఆత్మారాం అంగీ జల్లెడ లెక్కుంటుండె. మా వదిన పోయినకాన్నుంచి అన్న అంగీలు నేనే పిండిన. ఒక్క పొక్క సూడలే."

"మరి నిన్న దుకాణానికి పోయేటప్పుడు ఎందుకు చెప్పలే అవ్వా?" సవిత గొంతు అప్పుడు లేచింది. "ఒక్క మాట చెప్తే ఆ తీగ మిషన్ తెచ్చుకుందు గద!"

"ఏం చెప్పాలె బిడ్డా? నీ మామ పదిమందిల గా ఒక్క కథ మీదనే బతుకుతున్నడు. ఇయ్యాలనో రేపో నేను పోయేదాన్ని. అన్న ఉండేటోడు. ఆయన ఇజ్జత్ నేనెందుకు తీయాలె?"

డెబ్బై ఏళ్లొచ్చాయి నాకు. తిట్లు తిన్నాను, దెబ్బలు తిన్నాను. ఏదీ అంత లోతుకు దిగలేదు.

సవిత షెడ్డుకు ఫోన్ చేసింది. పొక్క ఎంతుందో చెప్పింది. అవతలివాడు నవ్విన చప్పుడు నాకూ వినబడింది. ఇప్పుడు కింది పట్టీ మొత్తం మార్చాలట. పది రోజులట. ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని, కాలిన రేకు వాసన మధ్య, నేల మీదే కూర్చుండిపోయింది.

"సోమారం," అంది. ఎవరితోనూ కాదు.

"బస్సుల పోత తీ," అంది హన్మవ్వ.

"పోయిన నెల బండి ఆగితే బస్సుల వస్తివి, ఏమాయె? మెట్ల మీద పడితివి. పది మంది లేపి కూసుండబెట్టిండ్రు. మిగిలిన నలుగురి సంగతేంది? ఇంత పొక్క పడ్డంక తాడు కట్టి వాళ్లనెట్ల ఎక్కించుకోవాలె? ఒకాయనకు సూపే లేదు."

"అయితే ఈ ఒక్క సోమారం ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే ఏమైతదో నీకు తెల్వదా? నిరుడు ఒక్క పూట తప్పితే ఊపిరాడక మూడు దినాలు కూసోనే ఉంటివి. పండుకుంటే మునిగినట్టయితదంటివి. నీ ఈపు పట్టుకుని నేను గూడ మూడు దినాలు కూసున్న. మళ్ల నన్ను కూసోమంటవా?"

హన్మవ్వ చుట్టిన బీడీ మూతి మలిచి చాటలో వేసింది. ఆ వేళ్లు కూడా వాచి ఉన్నాయని నాకు అప్పుడే కనబడింది. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని కథలు చెప్పేవాడికి వినేవాళ్ల ముఖాలే కనబడతాయి, వేళ్లు కనబడవు.

సవిత నా వైపు తిరిగింది. "ఆ ఆత్మారాం ఏడుంటడు మామా? ముసలోడైనా సరే, కాళ్లు పట్టుకుని తోలుకొస్త."

"సచ్చిపోయిండు బిడ్డా. ఫ్యాక్టరీ బందైన ఏడే. దెగ్లూర్ల."

హన్మవ్వ తల ఊపింది. "ఆ దినం నేను గూడ ముద్ద ముట్టలే. ఇరవై రెండేండ్లు అన్న సద్దిల ఆయనకు గూడ ఒక జొన్నరొట్టె పెట్టిన. దూరపోడు, ఆయన మీద పిడికెడు మన్ను ఏసేది గూడ మనకు దక్కకపాయె."

నేను వ్యాన్ చక్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

సవిత లేచి వేణుకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. జరిగింది దాచకుండా చెప్పింది. నా పేరు మాత్రం ఎత్తలేదు, 'మావల్ల కాలే' అంది. ఆ 'మా'లో నన్ను కప్పేసింది.

"మిషన్ వాపస్ తెస్తే బదిలి ఇస్త అక్కా," అన్నాడు వేణు. "తీగ మిషన్ తీస్కపో. గాని ఒక మాట. మిషన్ మంచిదైనంత మాత్రాన గంత పెద్ద పొక్క మొదటి దినమే నీతోని కాదు. అది మనుషుల పాణం మోసే బండి. చెయ్యి ఉన్నోడు పక్కన ఉండాలె."

"గసోంటోడు ఎవరున్నరే?"

"మోస్రాల ఒక పెద్దాయన ఉన్నడు. బిడ్డ ఇంటికాడ ఉంటడు. ఈడికే వచ్చి తీగ చుట్టలు కొంటడు. ఒకటే కన్ను. గాని పల్సటి రేకు మీద ఆయన చెయ్యి పెట్టిండంటే అతుకెక్కడో నువ్వు దేవులాడాలె. సగం మరాఠీ మాట్లాడ్తడు, పిల్లలందరు ఆజోబా అంటరు, తాత అన్నట్టు. పొద్దుగాల పోతే ఆదివారం గూడ చేస్తడు. సోమారానికి నీ బండి రోడ్డెక్కుతది."

సవిత ముఖంలోకి రక్తం వచ్చింది. ఆ శనివారం అంతటిలో ఆ ముఖం మీద వెలుతురు చూసింది ఆ ఒక్కసారే. ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడే నిజామాబాద్ పోయి మిషన్ బదిలి తెస్త. రేపు పొద్దుగాల తలుపు తాడుతోని కట్టి మోస్రా పోదాం. నువ్వు గూడ రావాలె మామా."

"నేనెందుకు బిడ్డా? నన్ను సూస్తే రేకు తనంతల తనే కరుగుతది."

ఎగతాళికి ఆమె నవ్వలేదు. అలాగని తిట్టనూ లేదు. వంగి, ఇంకా వ్యాన్‌కే కరిచి ఉన్న పట్టకారును విప్పి, నా ఎడమ చేతిలో పెట్టింది.

"ఒంటి కన్ను మనిషి. ఆయనకు ఎర్తు పట్టనీకె ఒకరు కావాలె గద," అంది.

ఆ ఇనుము ఇంకా వెచ్చగా ఉంది.

సరే, ఇంతదాకా ఓపికగా చదివారు. ఈ భాగంలో నేను అల్లిన ముక్క ఏదో చెప్పి మీ రుణం తీర్చుకుంటాను. చీమలనుకున్నారా? చీమలు నిజంగానే వచ్చాయి, నేను చెరకు మడ్డి తొక్కిన బూట్లతో తిరిగాను గనుక. రోలరు సంగతి నడుమనే విప్పేశాను. నేను అల్లింది ఆత్మారాం చావు. ఆయన దెగ్లూర్‌లో చనిపోలేదు. ఎక్కడా చనిపోలేదు. పోయిన దసరా ముందు వర్ని సంతలో కనబడితే బస్తాల వెనక దాక్కుని, ఆయన పోయేదాకా లేవలేదు.

ఫ్యాక్టరీ చివరి సీజన్లో, ఒక మిట్ట మధ్యాహ్నం నా చేతిలో ఎర్తు జారింది. నిప్పు ఎందుకు పుట్టడం లేదో చూద్దామని ఆత్మారాం ముఖం మీది అద్దం పైకెత్తి, రాడ్డు అలాగే ఆనించి, వంగాడు. నేను అటు చూడలేదు. జారిన పట్టకారును అలవాటుగా మళ్లీ తగిలించాను. ఆయన కంటి ముందే నిప్పు ఫట్టుమని లేచింది. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను ఇంటికొచ్చి, కన్ను సంగతి చెప్పలేక, ఆయన ఊరికి పోయాడని చెల్లెలికి చెప్పాను. నాలుగు నెలలకు, ఎప్పుడొస్తాడని ఆమె అడగడం ఆపకపోతే, ఆయన్ను మాటల్లోనే చంపేశాను.

అటు ఎందుకు చూడలేదంటారా? చుట్టూ కొత్తగా చేరిన కూలీలు పదిమంది ఉన్నారు. రెండు చేతులూ ఊపుతూ వాళ్లకు కథ చెబుతున్నాను. రోలరు కథే. ఆత్మారాం పక్కనే ఉన్నాడు, వింటున్నాడు కూడా. ఆ కథలో రాడ్డు నా చేతిలో ఉంది.